వేరుకు తగిన గొయ్యి

అమెరికాలో, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో పడమటి పేటలో చలికాలం పొద్దున్నే హెర్మెలిందా పెరట్లోకి ఇరుగుపొరుగు ఆడవాళ్లు బకెట్లతో వస్తారు. అక్రోటులా గట్టి పెంకుండే పెకాన్ కాయలు రాలినవి ఏరి అరచేతిలో పెట్టుకుంటారు. పనిచేసే చేతిలో కాయ తనంతట తానే టప్పున విచ్చుకుంటుంది. పనివాళ్ల మెడ మీద ఉన్న చేతిలో రాయిలా ఉండిపోతుంది. పంతొమ్మిది వందల ముప్పయ్యెనిమిదిలో, కార్ఖానాల్లో కాయలు ఒలిచి ఒలిచి గోళ్లు ఊడిన ఆడవాళ్లు పని ఆపి వీధికెక్కిన ఏడాది, హెర్మెలిందా తల్లి నాటిన చెట్టది. అది అలాగే కాస్తుందని పేటలో అందరికీ తెలుసు. ఎవరింట్లోనూ సుత్తి లేదు.

హెర్మెలిందా కొడుకు ఎవరిస్తో ఇళ్లు కట్టే కంపెనీలో పనివాళ్ల మీద మేస్త్రీ. మేస్త్రీ అయిన ఈ తొమ్మిదేళ్లుగా అతని చేతిలో కాయ విచ్చుకోలేదు.

"మీ మేస్త్రీగారికి సుత్తి కొనిపెట్టనా వదినా?" అని పక్కింటి రెఫూహియా నవ్వేది.

మూలింటి పెకాన్ చెట్టును రోడ్డు కోసం కొట్టేశాక ఈ చెట్టుకు కాపు తగ్గిపోయింది. పుప్పొడికి తోడు చెట్టు కావాలి. హెర్మెలిందా నర్సరీకి వెళ్లింది. అక్కడివాడు పల్చటి పెంకు, లావు కాయ అని ఊదరగొట్టాడు.

"కాయ సంగతి తర్వాత. పుప్పొడి ఎప్పుడు రాలుస్తుంది? మా చెట్టు ముందే రాల్చేసుకుని, ఆ తర్వాత పిందెపూలు విప్పుతుంది. నాకు ఆలస్యంగా రాల్చేది కావాలి."

నర్సరీవాడు వెనక వరసలోంచి ఒక మొక్క తీశాడు. ఎత్తు తక్కువ, తల్లివేరు మాత్రం మూడడుగులు.

తడి గోనెలో చుట్టిన ఆ వేరును చూసి ఎవరిస్తో విసుక్కున్నాడు. "ఇక్కడ అడుగు తవ్వితే సున్నపురాయే అమ్మా. వేరు సగం కోసెయ్. రేపు పొద్దున్నే నాకు పెద్ద తలనొప్పి ఉంది."

"ఏంట్రా అది?"

"ఎండాకాలంలో నీళ్లు తాగడానికి పది నిమిషాలు కావాలని సంతకాలు పెట్టారే, ఆ పదకొండు మందినీ పనిలోంచి తీసెయ్యాలట. కాగితం మీద నేను సంతకం పెట్టాలి. పెట్టకపోతే నన్ను తీసేస్తారు."

హెర్మెలిందా చెట్టు కింద ఒక కాయ ఏరింది. అతను పనికి వేసుకెళ్లే చొక్కా జేబులో వేసింది.

మర్నాడు కంపెనీ గదిలో పెద్దాయన కలం అందించాడు. సంతకానికి వంగితే జేబులో కాయ రొమ్ముకు గట్టిగా ఒత్తుకుంది. పన్నెండేళ్లప్పుడు అదే చెట్టు కింద గుప్పెడు కాయలు ఒక్కసారే విచ్చుకుంటే, అమ్మమ్మ వంకర వేళ్లతో తన బుగ్గ పుణికింది. ఆ వేళ్లు గుర్తొచ్చాయి.

ఎవరిస్తో కలం మూతపెట్టాడు. "నేనూ ఎండలో నీళ్లడిగినవాణ్నే సార్. పన్నెండో పేరు నాది రాసుకోండి."

జేబులో కాయ టప్పుమంది.

మధ్యాహ్నానికి పన్నెండు మందీ హెర్మెలిందా పెరట్లో ఉన్నారు, గడ్డపారలతో. సున్నపురాయిని వంతులేసుకుని పగలగొట్టారు. రెండడుగులయ్యాక ఒకడు చెమట తుడుచుకున్నాడు.

"ఇక చాలు మేస్త్రీ. కాస్త వేరు కోసేద్దాం."

"మేస్త్రీ ఎవడ్రా ఇక్కడ? వేరు కోసేది లేదు," అన్నాడు ఎవరిస్తో గొయ్యిలోంచి. "తవ్వు. ముందు నీళ్లు తాగు, తర్వాత తవ్వు."

హెర్మెలిందా తలెత్తుకుని నీళ్ల కుండతో వచ్చింది.