తోడల్లుడి చెయ్యి కన్నా పైన

పిల్లల ఆస్పత్రికి విరాళమిస్తే దాత కుడిచేతిని ప్లాస్టర్‌లో అచ్చుపోసి, కింద పేరు చెక్కి, ఆపరేషన్ గదికి వెళ్లే దారిలో గోడకు బిగిస్తారు. హెడ్‌క్లర్కుగా రిటైరైన పెద్దాయన విరాళమిచ్చింది జాలితో కాదు. తోడల్లుడి చెయ్యి అప్పటికే ఆ గోడ మీదుంది.

తీరా చూస్తే తోడల్లుడిది పైవరసలో, దీపం కింద. ఈయనది మోకాలికి కాస్త పైన, నేల తుడిచే నీళ్లు చిందే చోట. అదీ అడుక్కునేవాడిలా చాపిన అరచెయ్యి. ఆ రోజు నుంచీ చుట్టాల పిల్లలెవరికి జ్వరమొచ్చినా వేరే ఆస్పత్రి మంచిదని చెప్పడం మొదలుపెట్టాడు.

దానికి తోడు ఇంకో బాధ. పొద్దున పదయ్యేసరికి ఆయన కుడిచేతిని ఎవరో పట్టుకునేవారు. చిన్న వేళ్లు, చల్లగా, చెమటతో. కాసేపటికి వదిలేసేవారు. మళ్లీ ఇంకెవరో. డాక్టరు నరాలు భేషుగ్గా ఉన్నాయన్నాడు. ముప్పయ్యేళ్ల కాపురంలో ఈయన తన చెయ్యి పట్టుకున్న పాపాన పోలేదు, ఇప్పుడెవరో పట్టుకుంటే గోలెందుకని భార్య అంది.

చివరికి భార్యను వెంటబెట్టుకుని, చెయ్యిని పైకి మార్పించడానికి వెళ్లాడు. అచ్చులు పోసే శిల్పి నిచ్చెన తెచ్చింది.

"మారుస్తాను బాబాయ్ గారూ. పైనుంటే అందరికీ కనబడుతుంది. ఎవరికీ అందదు."

"కనబడితే చాలమ్మా."

అప్పుడే చక్రాల కుర్చీలో ఒక పాపను తీసుకొచ్చారు. ఆపరేషన్ గది తలుపు దగ్గర కుర్చీ ఆగింది. పాప పక్కనే కిందున్న ప్లాస్టర్ చేతిని పట్టుకుంది. పెద్దాయన అరచెయ్యి చల్లబడింది. పాపను లోపలికి తీసుకెళ్లారు, తలుపు మూశారు. ఆయన చేతిమీద పట్టు మాత్రం వదల్లేదు.

గంట గడిచాక, ఆ పట్టులో ఒక్కో చిన్న వేలూ సడలడం మొదలైంది. ముందు చిటికెన వేలు. తర్వాత దాని పక్కది.

"ఇంక పదండి, భోజనాల వేళయింది," అంది భార్య.

"ఉండవే. జారిపోతోంది," అని పెద్దాయన గుప్పిట బిగించాడు. ఉద్యోగంలో ఏ ఫైలునూ అంత గట్టిగా పట్టుకోలేదు.

ఎంతసేపటికో నర్సు బయటికొచ్చి, గండం గడిచిందని పాప తల్లితో చెప్పింది.

"నిచ్చెన తీసేయమ్మా," అన్నాడు పెద్దాయన. గుప్పిట ఇంకా తెరుచుకోలేదు.

భార్య గోడవైపు చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. అక్కడ ప్లాస్టర్ వేళ్లు కూడా ముడుచుకుని ఉన్నాయి.

శిల్పి నిచ్చెన మడుస్తూ మామూలుగా చెప్పింది.

"రేపు పదింటికల్లా తెరవండి బాబాయ్ గారూ. ఇంకో బాబున్నాడు."