అద్దం దాటిపోయిన బటన్

నేను ఒక బటన్‌ను. చొక్కాకి కుట్టేదాన్ని కాను. ఫోన్‌లో పిల్లల ఆట ఒకటుంది, అందులో తెర అడుగున ఎర్రగా, గుండ్రంగా ఉండేదాన్ని. నా మీద ‘మళ్ళీ’ అని రాసి ఉంటుంది. నొక్కితే బొమ్మలోని ఆవు మళ్ళీ అరుస్తుంది. అంతకు మించి నాకు చదువు లేదు.

నన్ను పుట్టించింది విజయనగరంలో ఉండే పైడిరాజు. టీవీ అంత కంప్యూటర్ ముందు కూర్చుని, పైనుంచి కొలత వేసుకుంటూ వచ్చి, ఆవు కింద దాని పేరు, పేరు కింద నన్ను పెట్టాడు. ఆ తెర మీద నేను పెళ్ళికూతురి బొట్టులా వెలిగిపోయాను. లోకంలో తెరలన్నీ తన తెరంతే ఉంటాయని అతని నమ్మకం. మనుషులింతే, తమ చెప్పు సైజే ఊరందరిదీ అనుకుంటారు.

ఆట తయారు కాగానే అక్క సంతోషికి పంపాడు. ఆమె కూతురు ద్వితికి మూడేళ్ళు, మాటలింకా సరిగా రాలేదు. పక్కింటి పిల్ల రైళ్ళ పేర్లు కూడా చెప్పేస్తుంటే సంతోషికి అన్నం సహించడం లేదు. ఈ ఆటతోనైనా పిల్ల నోరు విప్పుతుందని ఆశ.

పిల్ల చేతికి ఇచ్చేది ఆమె అత్తగారి ఫోన్, కాబట్టి నేను వెళ్ళి పడింది అందులో. తెర చిన్నది. పైగా ఆవిడకు కళ్ళు ఆనవని అక్షరాలు ఎంత లావు చేయొచ్చో అంత లావు చేసి పెట్టారు. ‘ఆవు’ అన్న పేరు ఆవంత అయి కూర్చుంది. అది తోసిన తోపుకి నేను కిందికి జారి, నెత్తి మాత్రం కనబడేలా అద్దం అంచున మునిగిపోయాను.

ఆవు అరుపు విని ద్వితి నవ్వింది. మళ్ళీ వినాలనిపించింది. నా నెత్తి చూసి, మిగతా నేను ఎక్కడుండాలో సరిగ్గా అక్కడ, ఫోన్ కింది ప్లాస్టిక్ మీద వేలు పెట్టి నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా నొక్కింది.

అది చూసిన అత్తగారు, పిల్ల ఆవును వదిలేసి అంచు గోకుతోందని, డాక్టరుకి చూపించాల్సిందేనని తేల్చేశారు. సంతోషి ఏడుపు దిగమింగుకుని, పిల్లనూ ఫోన్‌నూ తీసుకుని తమ్ముడింటికి పరుగెత్తింది.

“ఏట్రా ఇది, అద్దం ఒదిలీసి అంచు నొక్కుతంది. దీనికి బుర్ర ఎదగలేదేటి?”

పైడిరాజు ఫోన్ అందుకున్నాడు. నన్ను, అంటే నా నెత్తిని చూశాడు. తర్వాత ద్వితి వేలు ఎక్కడ పెడుతోందో చూశాడు.

“దీని బుర్రకేటీ అవ్వలేదప్పా. బటన్ ఉండాల్సిన కాడే నొక్కుతంది. నానే దాన్ని బయటికి తోసీసాను.”

సంతోషి ముందు నమ్మలేదు. నమ్మాక తమ్ముణ్ణి తిట్టిన తిట్లు నేను చెప్పకూడదు, పిల్లల ఆటలో ఉండేదాన్ని.

ఆ పూటే అతను నన్ను పైనుంచి కొలవడం మాని, తెర అడుగు అంచుకి కట్టేశాడు. పేరు లావైతే ఆవు చిక్కాలి గానీ నేను కదలకూడదు. తెరను బట్టి నేను పెరుగుతాను, తగ్గుతాను, వేలికి అందనంతగా మాత్రం తగ్గను. ఇంట్లో ఫోన్లన్నీ మంచం మీద పరిచి నన్ను చూసుకున్నాడు. ఆ పని ముందే చేసి ఉంటే ఒక తల్లికి ఏడుపు తప్పేది.

ద్వితి నన్ను నొక్కింది. ఆవు అరిచింది. మళ్ళీ నొక్కింది. ఈసారి ఆవుతో పాటు తనూ అరిచింది. మాట కాదు, ఒట్టి అరుపే. సంతోషి పిల్లను వాటేసుకుంది.

ఆ సంతోషం వారం నిలిచింది. ఇప్పుడు పిల్ల ఫోన్ వదలడం లేదని ఆమెకు కొత్త బెంగ. అత్తగారు ఫోన్‌లో మాట్లాడడం అవగానే దాన్ని లాక్కుని బియ్యం డబ్బా వెనక దాచేస్తోంది. ఏ తెరలోనైనా ఇమిడే ఒడ్డూ పొడుగుతో, ఎవరికీ కనబడకుండా, నేనక్కడే ఉన్నాను.