దొరగారి ఎడమ ముక్కు

ఆ పొద్దున ఇంట్లో రభస కళ్ళద్దాలు తుడిచే పసుపు గుడ్డతో మొదలైంది.

"దీంతో కుక్క ముక్కు తుడిచిందెవరు?" అన్నాడు ఇంటాయన, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు ఆ గుడ్డను రెండు వేళ్ళతో ఎత్తిపట్టుకుని.

"నేనే," అంది ఇల్లాలు పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా.

"నిన్న ఒక పెద్దమనిషికి కొత్త కళ్ళజోడు దీంతోనే తుడిచి పెట్టాను. పెట్టుకుని, లోకమంతా మసగ్గా ఉందేంటి బాబూ అన్నాడు. నంబరు తప్పిందేమోనని చచ్చీచెడీ మళ్ళీ కళ్ళు పరీక్ష చేశాను."

"ఇంట్లో మెత్తటి గుడ్డ అదొక్కటే. తువ్వాలుతో తుడిస్తే వాడి ముక్కు ఒరుసుకుపోతోంది."

"వాడి ముక్కు కోసం నా షాపు మూసుకోమంటావా?"

వాడంటే దొర. వాళ్ళ కుక్క. పిల్లగా ఉన్నప్పుడే కుర్చీ ఎక్కి, ముందుకాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకుని, పిలిస్తే తల తిప్పాలా వద్దా అని ఆలోచించేవాడు. అందుకే ఆ పేరు వచ్చింది. ఇప్పుడు మూతి మీద వెంట్రుకలు తెల్లబడ్డాయి, దర్జా మాత్రం తగ్గలేదు. కొన్నాళ్ళుగా ముక్కు కారుతోంది, అంతే. తుమ్మితే గోడ దాకా పడుతోంది.

ఆ ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగోలేకపోతే మిగతావాళ్ళంతా వైద్యులైపోతారు. ఒకరు చేసేది ఇంకొకరికి చెప్పరు, చెబితే ఎక్కడ వద్దంటారోనని. అత్తగారు జబ్బుకు కారణం మొదటిరోజే తేల్చేసింది. మబ్బుపట్టిన రోజున కోడలు కుక్కకు తల తడిసేలా నీళ్ళు పోసింది, పడిశం పట్టక ఏం చేస్తుంది? ఇంటాయన తలనొప్పి మందు తెచ్చి దొర ముక్కు పక్కన రాశాడు. దొర ఆ సాయంత్రమంతా సోఫాకు మొహం రుద్దుకుని, సోఫాకు పడిశం పట్టినట్టు చేశాడు. కాలేజీకి వెళ్ళే కూతురు ఫోనులో చదివి, ఎలర్జీ అని చెప్పి, నేల తుడిచే మందు సీసా కాస్తా చెత్తబుట్టలో పడేసింది. కొత్త సీసా.

ఇల్లాలికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎందుకంటే ఆమె ఒక సంగతి చూసింది, చూశానని అందరికీ చెప్పింది, ఎవరూ చెవిన పెట్టలేదు. దొరకు ఎడమ ముక్కు మాత్రమే కారుతోంది. కుడివైపు పొడిగానే ఉంది. మొదట నీళ్ళలా ఉన్నది ఇప్పుడు చిక్కబడింది, కాస్త వాసన కూడా వస్తోంది.

"పడిశమైతే రెండువైపులా కారదా?" అంది ఆమె.

"ముక్కు కొసన చెయ్యి పెట్టి చూడు, చల్లగా తడిగా ఉంది. కుక్క ముక్కు తడిగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే," అన్నాడు ఇంటాయన, కళ్ళ పరీక్ష చేసినంత ధీమాగా. ఆ ఆరోగ్యవంతుడు అప్పుడే తుమ్మి ఆయన ప్యాంటు తడిపాడు.

దాంతో ఆయన ఓర్పు అయిపోయింది. ఇంటి ముందుగదే షాపు, మధ్యాహ్నాలు దొర పడుకునేది ఆ గుమ్మంలోనే. వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని వెనక్కి వెళ్ళిపోతున్నారు.

"ఆదివారం వీణ్ణి అక్కయ్య వాళ్ళింటికి పంపించేస్తున్నాను. ఫోను చేసి చెప్పాను కూడా. పెద్ద పెరడు, హాయిగా ఉంటాడు."

ఆ హాయి ఎలాంటిదో ఇల్లాలికి తెలుసు. ఆడపడుచు ఇంట్లో కుక్కంటే గేటుకు కట్టిన గొలుసు, ఆ గొలుసు చివర ఒక ప్రాణి. అక్కడ ముక్కు తుడిచేవాళ్ళు ఉండరు సరికదా, ముక్కు ఉందని చూసేవాళ్ళు కూడా ఉండరు. ఆమె స్టవ్ ఆపి, దొర మెడకు పట్టీ వేసి, ఆటో పిలిచింది.

పశువుల డాక్టరమ్మ నిదానస్తురాలు. దొర ముక్కు ముందు చిన్న అద్దం ముక్క పట్టుకుంది. కుడివైపు ఊపిరికి అద్దం మీద ఆవిరి పట్టింది. ఎడమవైపు పట్టీపట్టనట్టు ఉంది.

"రెండువైపులా నీళ్ళలా కారితే జలుబో, దుమ్మో, ఘాటు వాసనో అనుకుంటాం. ఒక్కవైపే చిక్కగా కారుతుంటే ఆ వైపు ఏదో ఉన్నట్టు. లోపల గడ్డిపరక ఇరుక్కోవచ్చు, కురుపు ఉండొచ్చు. రక్తం పడిందా?"

"లేదండీ."

"ఏమైనా రాశారా?"

ఇల్లాలు తలనొప్పి మందు సంగతి చెప్పింది, చెబుతున్నప్పుడు మొగుడు గుర్తొచ్చి పళ్ళు నూరింది. మనుషుల మందులేవీ కుక్కకు రాయొద్దనీ, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలనీ, ముక్కు కొస తడిని బట్టి జబ్బు తేల్చడం కుదరదనీ డాక్టరమ్మ చెప్పింది. ఇది ఇంటాయన వినవలసిన మాట. ఆయన షాపులో ఉన్నాడు.

"తిండి ఎలా తింటున్నాడు?"

"తిండికేం, గిన్నె నాకి మరీ పెడతాడు," అంది ఇల్లాలు. ఈ ప్రశ్నకు మాత్రం తడుముకోలేదు. పొట్లంలో వచ్చే గట్టి గుళికల మేత రోజూ తనే పోస్తుంది, మధ్యలో బిస్కట్లు తనే వేస్తుంది, ఖాళీ గిన్నె తనే కడుగుతుంది.

డాక్టరమ్మ దొర పైపెదవి ఎత్తింది. ఎడమవైపు లోపలి పన్ను గోధుమరంగుకు తిరిగి ఉంది. చిగుళ్ళు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. వేలు దగ్గరకు రాగానే దొర దర్జా అంతా మరిచి కుయ్యిమన్నాడు.

"ఈ పన్ను వేరు ముక్కు పక్కనే ఉంటుంది. పుచ్చు వేరు దాకా పోతే చీము ముక్కులోంచి దారి చేసుకుంటుంది. ఎక్స్‌రే తీసి చూద్దాం గానీ, నా అనుమానం ఇదే. ఇంత పాడైన పన్నుతో గట్టివి నమల్లేడమ్మా. మీరు గమనించలేదా?"

ఇల్లాలి మొహం మాడిపోయింది. ఇంట్లో చెంచా చోటు మారితే పట్టేసే మనిషి. ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. నమల్లేనివాడు గిన్నె ఎలా ఖాళీ చేస్తున్నాడు?

ఇంటికి రాగానే ఎప్పటిలా గిన్నెలో గుళికలు పోసి, పెరటి తలుపు వెనక నిలబడింది. దొర వాసన చూసి వెనక్కి కూర్చున్నాడు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు గది వైపు చూశాడు. ఇంతలో అత్తగారు లోటాతో వేడినీళ్ళు పట్టుకుని వచ్చింది. గిన్నెలో పోసి వేళ్ళతో మెదపసాగింది.

"ఉండరా, నానాలి. తొందరపడితే జివ్వుమంటుంది, నాకు తెలియదూ," అంటూ నడుముకు చెక్కుకున్న రస్కు తీసి, మిగిలిన వేడినీళ్ళలో ముంచి, కుడి దవడన పెట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా ఇది?" అంది ఇల్లాలు తలుపు వెనక నుంచి వచ్చి.

అత్తగారు ఉలిక్కిపడలేదు. పట్టుబడ్డవాళ్ళు అలిగినట్టు అలిగింది.

"నువ్వు వేసిన బిస్కట్లన్నీ తెచ్చి నా మంచం కింద దాస్తున్నాడు, కొరకలేక. చూస్తూ ఊరుకోమంటావా? మనకైతే చెప్పుకోడానికి నోరుంది."

"నోరుండీ మీరు చెప్పలేదుగా."

"చెబితే మీరు ఊరుకుంటారా? ఆ పళ్ళ డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో మర తిప్పిస్తారు."

"మీ సంగతి తర్వాత. వాడి సంగతి ఒక్క మాట నాతో అని ఉంటే ఎప్పుడో డాక్టరుకు చూపించేదాన్నే. ఈ తుమ్ములూ, ఈ గోలా, ఆదివారం ప్రయాణమూ ఏవీ ఉండేవి కాదు."

"పన్నుకీ ముక్కుకీ సంబంధం ఉంటుందని నేను కలగన్నానా అమ్మాయ్? స్నానం గురించి ఒక మాట అన్నందుకే నాతో మాట్లాడ్డం మానేశావు. ఇంక నీతో ఏం చెప్పను?"

ఇల్లాలు అరవాలో, ఆ మెదిపిన గిన్నె చూసి జాలిపడాలో తెలియక రెండూ మానేసి, మంచం కింద చీపురు పెట్టి లాగింది. బిస్కట్లు కుప్పలుగా వచ్చాయి.

రాత్రి అందరూ భోజనానికి కూర్చున్నాక చెప్పింది. "దొరకు పన్ను తీయించాలి. ఇవాళే పరీక్షకు రక్తం తీసుకున్నారు, అది బాగుంటే బుధవారం మత్తిచ్చి, ఎక్స్‌రే చూసుకుని తీస్తారట. మీరు షాపు మూసి రావాలి, వాణ్ణి నేనొక్కదాన్నే ఎత్తలేను."

"ఈ వయసులో మత్తా?" ఇంటాయన ముద్ద ఆపాడు. "లేవకపోతే? దానికన్నా అక్కయ్య దగ్గర..."

"అక్కడ నొప్పి తగ్గిపోతుందా నాన్నా?" అంది కూతురు.

బల్ల కింద దొర తుమ్మాడు. ఇంటాయన నిట్టూర్చి, జేబులోంచి పసుపు గుడ్డ తీసి, దాన్ని ఒకసారి దిగులుగా చూసుకుని కిందకు వంగాడు.

"ఎడమవైపేగా?"

"అదే కదా మొదట్నుంచీ మొత్తుకుంటున్నాను," అంది ఇల్లాలు.

అప్పటిదాకా పలచటి మజ్జిగన్నం కలుపుతూ కూర్చున్న అత్తగారు కంచం పక్కకు జరిపింది.

"ఆదివారం ప్రయాణం లేదని మీ అక్కకు ఫోను చెయ్యరా. నానబెట్టి పెట్టేవాళ్ళు అక్కడెవరున్నారు? బుధవారం వాడికి పన్ను తీయించండి. గురువారం నన్ను తీసుకెళ్ళండి. ముందు వాడు లేచి తిరగడం చూశాకే నేను ఆ కుర్చీ ఎక్కుతాను."