డ్యూయల్ కోర్ చుట్టరికం

రెండువేల ఏడులో ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఎవరింట్లో చూసినా కొత్త కంప్యూటరే. దాంట్లో రెండు బుర్రలుంటాయట, పని రెండింతలు జరుగుతుందట. డ్యూయల్ కోర్ అన్న స్టిక్కరు వచ్చేపోయేవాళ్లకి కనపడేలా డబ్బాని గుమ్మం వైపు తిప్పి పెట్టుకునేవాళ్లు. నెల తిరక్కుండా అదే డబ్బాని చంకనేసుకుని నథానియేలు షాపుకొచ్చేవాళ్లు.

"పాతదాంట్లో గేమ్ చక్కగా ఆడేది భయ్యా. దీంట్లో కుంటుతోంది."

నథానియేలుది చీరాల. సైన్యంలో రేడియో సెట్లు బాగుచేసి చేసి రిటైరై, మార్కెట్టు కింద బేస్‌మెంట్లో రిపేరు షాపు పెట్టాడు. పొద్దున్నే షట్టరెత్తడం, ఫ్యాను వెయ్యడం, స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టానా అని వెతుక్కోవడం. ఈలోపు ఫోన్ మోగుతుంది.

"బీపీ మాత్ర వేసుకున్నారా?" ఆసుపత్రి నుంచి భార్య సరళకుమారి.

"ఆఁ, వేసుకున్నా." శుద్ధ అబద్ధం. మాత్ర జేబులోనే ఉంటుంది.

కాసేపటికి మళ్లీ ఫోన్. "బీపీ మాత్ర వేసుకున్నారా?" ఇంటి దగ్గర్నుంచి సరళకుమారి. అప్పుడు వేసుకునేవాడు. రాత్రి మాత్రకీ ఇదే తంతు. రెండోసారి అడుగుతారని తెలిశాక మొదటిసారే మాట వినే మగాణ్ణి నేనైతే ఇంతవరకూ చూళ్లేదు.

సరళకుమారి ఇద్దరు. కిందటేడు వార్డులో నర్సులు చాలక డబుల్ డ్యూటీ వేశారు. సరిగ్గా అప్పుడే కూతురు ఫేబీకి పచ్చకామెర్లు. రెండుచోట్లా ఉండాల్సొచ్చింది. ఉంది. తెల్ల యూనిఫాంలో ఒకామె బస్సెక్కి వార్డుకెళ్లింది, నూలుచీరలో ఒకామె ఇంట్లో జావ కాచింది. ఫేబీకి తగ్గింది గానీ వార్డులో నర్సులు పెరగలేదు, అందుకని ఇద్దరూ అలాగే ఉండిపోయారు. అపార్టుమెంటు గార్డు ఇద్దరికీ నమస్తే పెట్టేవాడు. చర్చిలో తెలుగు ఆరాధనకెళ్తే ఇద్దరికీ కుర్చీలు వేసేవారు. పక్క ఫ్లాటు ఆంటీ అయితే "ఆప్ తో బడీ లక్కీ హో జీ" అని కుళ్లుకునేది.

చిక్కల్లా ఏంటంటే ఇద్దరి గడియారం ఒకటి కాదు. పాట నంబరు చెప్పీ చెప్పగానే ఆసుపత్రి సరళ లేచి నిలబడేది. చరణం సగమయ్యాక ఇంటి సరళ లేచేది. ఆమేన్ రెండుసార్లు వినపడేది. అదైనా పర్లేదు. రానురాను ఇద్దరికీ ఏదీ మనసుకి తగలడం మానేసింది. కూర మాడినా, వార్డులో మనిషి పోయినా, ఫేబీ ఫస్టు క్లాసులో పాసైనా ఒకటే మాట, "అలాగా". సంతోషపడటానికి ఆమె ఉందిగా అని ఈమె, ఏడవడానికి ఈమె ఉందిగా అని ఆమె. ఇంట్లో అందరూ దానికీ అలవాటు పడ్డారు. మొద్దుబారిన చేత్తో కూడా అన్నం తినొచ్చు మరి.

ఆ వేసవిలో చీరాలలో సరళ తల్లి సువార్తమ్మగారు పోయారు. తమ్ముడు సాలొమోను వార్డుకి ఫోన్ చేశాడు, ఇంటికీ చేశాడు.

"అలాగా," అంది ఒకామె. "అలాగా," అంది రెండో ఆమె.

ఆమె బయల్దేరుతుందిలే అని ఈమె, ఈమె వెళ్తుందిలే అని ఆమె. ఎవరో ఒకరు వెళ్లే ఉంటారని నథానియేలు కూడా షాపులో పని చూసుకున్నాడు. సాయంత్రం ఇంటికొస్తే ఇద్దరూ టీవీ ముందు కూర్చుని బెండకాయలు తరుగుతున్నారు. అక్కడ సమాధి అయిపోయింది. ఇక్కడ ఒక్క కన్నీటి చుక్క రాలేదు.

పోయినవాళ్ల పేరున పెట్టే ఆదరణ కూడిక దగ్గర పడుతుంటే సాలొమోను ఈసారి షాపుకే ఫోన్ చేశాడు.

"బావా, మట్టి వెయ్యడానికి అక్క రాలేదు. ఊరంతా అడిగారు, ఢిల్లీలో ఉన్న పిల్లేదీ అని. కూడికక్కూడా రాకపోతే ఇక అక్కకీ మాకూ చుట్టరికం లేదనుకుంటాం. కోపంతో అనట్లేదు బావా. అమ్మ చివరిదాకా గుమ్మం వైపే చూసింది."

"పంపిస్తాన్లే," అన్నాడు నథానియేలు. అన్నాడే గానీ, ఎవర్ని పంపాలి? ఇద్దర్లో ఎవరికి చెప్పినా రెండోవాళ్ల మీదకి తోసేస్తారు.

తలెత్తేసరికి ఎదురుగా మల్లికార్జున. నెల్లూరు కుర్రాడు, నోయిడాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, చంకలో డబ్బా.

"క్రికెట్ గేమ్ అంకుల్. బౌలర్ ఇంకా పరిగెత్తుతూనే ఉంటాడు, ఇక్కడ వికెట్ పడిపోతుంది! కామెంటరీ వాడు ముందే అరిచేస్తాడు. మెమరీ పెంచా, గ్రాఫిక్స్ కార్డు మార్చా. అయినా దీని దరిద్రం వదల్లేదు."

నథానియేలు డబ్బాకి తీగలు తగిలించి గేమ్ తెరిచాడు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి, నడుస్తున్న వాటిల్లో గేమ్ పేరు పట్టుకుని రైట్ క్లిక్ చేశాడు. సెట్ అఫినిటీ. రెండు కోర్లకీ రెండు గళ్లు, రెంటిలోనూ టిక్కులు.

"రెండు కోర్లు, రెండు గడియారాలు బాబూ. గేమ్ ఓసారి దీన్నడుగుతుంది టైమెంతని, ఓసారి దాన్నడుగుతుంది. ఇది ముందుంటుంది, అది వెనకుంటుంది. గేమ్ పాపం ఎవరి మాట నమ్మాలి? దానికి ఎవరితో చుట్టరికమో మనం తేల్చి చెప్పాలి." ఒక టిక్కు తీసేశాడు.

"అఫినిటీ అంటే చుట్టరికమా అంకుల్?" మల్లికార్జున నవ్వాడు.

"మరేంటనుకున్నావ్?"

చీరాల చర్చి గోడకి ఇంగ్లీషులో ఒక బోర్డుండేది, ఎవరు ఎవర్ని పెళ్లి చేసుకోకూడదో చెప్పేది. దాని మీద ఆ మాట ఉండేది. "వియ్యంతో కలిసిన చుట్టరికంరా," అని ఉపదేశి అయిన తండ్రి చెప్పాడు. అప్పట్నుంచీ నథానియేలుకి ఆ మాటకి వేరే అర్థం లేదు. కంప్యూటర్లు చదువుకున్నవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీండి. బౌలర్ పరిగెత్తాడు, బంతి వేశాడు, అప్పుడు పడింది వికెట్.

"ఆ రెండోది పాడైపోదు కదా?"

"ఎందుకు పాడవుతుంది? వేరే పనులు చూసుకుంటుంది. గేమ్ తెరిచినప్పుడల్లా ఇలాగే చెయ్యాలి, మర్చిపోకు."

అతను వెళ్లాక నథానియేలు క్యారేజీ విప్పలేదు. తన ఇంట్లో ఏ టిక్కు తియ్యాలి? ఫేబీ మంచం పక్కన మేలుకుని కూర్చున్న ఆమెదా? అదే రోజుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ల పక్కన మేలుకుని కూర్చున్న ఆమెదా? ఇద్దరూ తన భార్యే.

జీటీ ఎక్స్‌ప్రెస్‌లో ఒక్క బెర్తే దొరికింది. సాయంత్రం ప్లాట్‌ఫారమ్మీదికి ఇద్దరూ వచ్చారు. వార్డు నుంచి యూనిఫాంలోనే వచ్చిన ఆమె చేతిలో నీళ్లసీసా, నూలుచీర ఆమె చేతిలో బట్టలసంచి.

"నువ్వెళ్లు. నాకు డ్యూటీ ఉంది."

"నువ్వే వెళ్లు. నాకు ఇంట్లో పనుంది."

గొంతులో కోపం లేదు, ఆత్రం లేదు. ఫేబీ మాత్రం ఏడుపు మొహంతో, "మమ్మీ, కోయీ ఏక్ తో చలీ జావో, ప్లీజ్," అని ఎవరో ఒకర్ని వెళ్లమని బతిమాలుతోంది. ఇద్దరూ కదల్లేదు. ఇంజను కూత వేసింది.

సిస్టర్ అంటే యూనిఫాం ఆమె తిరుగుతుంది. ఫేబీ వాళ్లమ్మా అంటే నూలుచీర ఆమె తిరుగుతుంది. పెళ్లైన దగ్గర్నుంచీ పేరు పెట్టి పిలిచే అలవాటు లేదాయనకి. నోరు తెరిచాడు. ఏం వస్తుందో తనకే తెలీదు.

"సువార్తమ్మగారి అమ్మాయీ!"

ఇద్దరూ తిరిగారు. ముందూ వెనకా లేకుండా ఒక్కసారే తిరిగారు.

"మీ అమ్మ పోయింది. ఎక్కు."

ఇద్దరూ ఎక్కారు. బెర్తు మీద ఉన్నవాళ్లు కాళ్లు ముడుచుకుని చోటిచ్చారు. బండి కదిలింది.

తిరిగొచ్చే దారిలో ఆటోలో ఉండగా వార్డు ఇన్‌ఛార్జి ఫోన్. సిస్టర్ ఎక్కడ అని.

"గావ్ గయీ హై జీ," ఊరెళ్లిందన్నాడు నథానియేలు.

"అచ్ఛా, తో దూసరీ వాలీ కో భేజ్ దీజియే." పోనీ రెండో ఆమెని పంపమంది.

"దూసరీ భీ గయీ హై జీ."

ఎవరో దొరికేదాకా డ్యూటీ తనే చేస్తానని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

బండి మథురలో ఆగినప్పుడు ఇంట్లో ఫోన్ మోగింది. ముందు మాటలు రాలేదు, వెక్కిళ్లే.

"ఏవండీ, మా అమ్మ పోయిందండీ," అంది సరళకుమారి. ఇప్పుడే తెలిసినట్టు, ఆయనకే మొట్టమొదట చెప్తున్నట్టు అంది. "చూసుకోలేకపోయానండీ. నేనేం కూతుర్నండీ!"

ఒకటే గొంతు. ఆయన ఆమెని ఏడవనిచ్చాడు.

"టీసీ వచ్చాడా?"

"వచ్చాడు. ఒకటే టిక్కెట్టుగా, చూసి వెళ్లిపోయాడు." ముక్కు చీదుకుంది. "చోటు బాగానే ఉంది. కాళ్లు చాపుకున్నా."

పక్కన ఇంకెవరైనా ఉన్నారా అని ఆయన అడగబోయేలోపు ఆమే అడిగింది.

"బీపీ మాత్ర వేసుకున్నారా?"

"ఆఁ, వేసుకున్నా."

లైను తెగిపోయింది. ఆయన ఫోన్ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "డాడీ, ఖానా లగా దియా," అని అన్నానికి పిలిచింది ఫేబీ. వస్తున్నానన్నాడు గానీ లేవలేదు. ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. అది మోగలేదు. ఏడాదిలో మొదటిసారి ఆయనకి ఏడుపొచ్చింది, దేనికో సరిగ్గా చెప్పలేడు. కళ్లు తుడుచుకుని, లేచి, జేబులోంచి మాత్ర తీసి నీళ్లతో వేసుకున్నాడు.