తెప్పలాంటి ఎముక

మ్యూజియం వెనుక గదిలో పక్షుల ఎముకలు కడిగి ఆరబెట్టే పని ఆమెది. వాటిని తీగలతో కూర్చి నిలబెట్టే పని ఆమె మేనమామది. ముప్ఫై ఏళ్లలో ఆయన గద్దల్నీ కొంగల్నీ బాతుల్నీ ఎన్నింటినో నిలబెట్టాడు గానీ, నిప్పుకోడి రావడం ఇదే మొదలు. దాని రొమ్ము ఎముకను తిప్పి చూసి ముఖం మాడ్చుకున్నాడు.

“ప్రతి పిట్టకూ దీని మధ్యలో నిలువుగా ఒక రేకు ఉంటుంది. అదేది?”

“నేను చూడలేదు మామయ్యా.”

“కడిగేటప్పుడు విరిగి తూములో పోయుంటుంది. నీకీ పని ఇప్పించమని కాళ్లావేళ్లా పడ్డాను చూడు, నన్ననాలి.”

ఇంకేముంది, ఆమెకు తిండి సయించలేదు. నాలుగు రోజులు తూము మూత తీసి బురదంతా చేతులతో దేవింది. దొరికితేగా!

అంత తిట్టిన మనిషే ఐదో రోజు ప్లాస్టర్‌తో ఒక రేకు చేసి, టీ నీళ్లతో రంగు పట్టించి, గుట్టుగా అతికించాడు. “నోరు మెదపకు,” అన్నాడు. ఆమెకు మాత్రం గుండె పీకుతూనే ఉంది. వచ్చే నెలలో ఆయన రిటైరవుతాడు. ఇది బయటపడితే ముప్ఫై ఏళ్ల పేరు మట్టిగొట్టుకుపోతుంది. తప్పంతా తనదేనని చెప్పి పని మానేద్దామని చీటీ రాసి సంచిలో పెట్టుకుంది.

పదో రోజు పొద్దున పేరు పలకలు రాసే పెద్దావిడ వచ్చి, నిప్పుకోడి ముందు పలక పెట్టింది. ‘రాటైట్ పక్షి’ అని ఉంది దానిమీద.

“అంటే ఏంటండీ?” అని అడిగిందామె.

“నిప్పుకోడి, ఈము లాంటి ఎగరలేని పక్షుల్ని అలా అంటారమ్మా. లాటిన్‌లో రాటిస్ అంటే తెప్ప. పడవకి అడుగున నిలువుగా దూలం ఉంటుంది, తెప్పకుండదు కదా? వీటి రొమ్ము ఎముకా అంతే, చదును. ఎగిరే పిట్టలకైతే రెక్కల కండలు అతుక్కోడానికి ఆ రేకు కావాలి, వీటికెందుకు?” అంటూ పెద్దావిడ అస్థిపంజరం వైపు వంగి చూసింది. “మరి దీనికెలా వచ్చింది?”

ఆమెకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. పోయిందనుకున్నది అసలు లేనేలేదు. అయినా మామయ్య చిన్నబోతాడని చీటీ కోసం సంచిలో చెయ్యి పెట్టింది. “అది... నేనేనండీ...”

“కాదు, నా నిర్వాకం,” అన్నాడు వెనకే నిలబడి వింటున్న మామయ్య. ఉలి తెచ్చి, ఇద్దరి ముందే ఆ రేకును ఊడగొట్టాడు.

ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. పది రోజులుగా మోసిన బరువంతా ఆ ఏడుపులో దిగిపోయింది.

“నువ్వేం పోగొట్టలేదమ్మాయ్. అన్యాయంగా బురద దేవించాను నీచేత,” అని, ఆయనే వెళ్లి తూము మూత బిగించి వచ్చాడు.