పూత కింద చెమ్మ

"కాలు కాలిన పిల్లిలా ఏంటమ్మా ఆ తిరగడం? పొయ్యి దగ్గర ఒక్కచోట నిలబడలేవా?" అన్నారు మా అత్తగారు. నిలబడలేను. చేతులు డబ్బాల్లో అన్నం సర్దుతున్నాయే గానీ, నా మనసంతా ఊరికి అవతలి చివర, బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఇంటి గ్యారేజీలో ఉంది. నిన్న సాయంత్రం ఆ నేల మీద తలగడంత ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు పక్కలా టేపు అతికించి వచ్చాను. సిమెంటులో చెమ్మ ఉంటే తెల్లారేసరికి కాగితం అడుగున నీటి చుక్కలు పడతాయి. చుక్కలుంటే పూత వేయకూడదు. వేస్తే మొదట్లో అద్దంలా మెరుస్తుంది, నెల తిరక్కుండా పొక్కుతుంది, ఆపైన కారు టైరుకి అంటుకుని ఊడొస్తుంది. ఇది నాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తొమ్మిదేళ్ళుగా మోకాళ్ళ మీద పాకుతూ నేర్చుకున్నాను.

గ్యారేజీ నేలలకు ఎపాక్సీ అనే గట్టి రంగు పూత వేయడం మా ఆయన వ్యాపారం. బండి మీద ఆయన పేరు, ఆ కింద 'నిపుణులు' అని రాసి ఉంటుంది. నేలని గరుకు చేసే గ్రైండరు పట్టేది ఆయనే, కాదనను. ఆ దుమ్మంతా ఎత్తేది నేను, బీటలు పూడ్చేది నేను, రోలరు అందని గోడ వారలు కుంచెతో దిద్దేది నేను, రెండు డబ్బాల మందూ కలిపేది నేను. తడి పూత మీద నడవడానికి మేకుల చెప్పులుంటాయి. మగవాళ్ళ కొలతవి ఒకటే జత కొన్నారు, నేను వాటిని తాడుతో పాదాలకి కట్టుకుంటాను. ఎవరైనా నా గురించి అడిగితే, "మా ఆవిడండీ, ఇంట్లో తోచక సాయానికొస్తుంది" అంటారు. అయిదింటికి లేచి, అయిదుగురికి వండి, గిన్నెలు తోమి, అత్తగారికి మందులిచ్చి బయల్దేరేదాన్ని, ఆ తోచకపోవడమేమిటో ఒక్కరోజైనా చూడాలని నాకు మహా సరదాగా ఉంది.

మూడు నెలల క్రితం ఒక డాక్టరుగారి గ్యారేజీలో మేం వేసిన పూత లేచిపోయింది. అక్కడ చెమ్మ ఉందని ముందే చెప్పాను. "నీకన్నీ అనుమానాలే" అని కొట్టిపారేశారు మా ఆయన. పూత లేచాక డాక్టరుగారు పిలిపిస్తే, నన్ను పక్కన పెట్టుకునే, "మా ఆవిడ కలిపిందండీ. కూరలో ఉప్పేసినట్టు చేతికొచ్చినంత పోసేసుంటుంది. ఆడవాళ్ళకి కొలతలు ఎక్కుతాయా చెప్పండి" అన్నారు. డాక్టరుగారు నవ్వారు. ఈయనా నవ్వారు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. మా ఇంట్లో ఆ మద్దెలని నేను. రెండు రోజులు కూర్చుని ఆ పాత పూతంతా గీకిందీ నేనే. ఇంటికొస్తే అత్తగారు, "మావాడు కష్టపడి తెచ్చుకున్న పేరమ్మా, నీ పరధ్యానంతో పోగొట్టకు" అన్నారు.

అప్పుడే నాకు ఒళ్ళు మండి ఉంటే బాగుండేది. మండలేదు, భయమేసింది. నిజంగా నేనే తప్పు చేశానేమో అనిపించింది. నా బకెట్టు లోపల గీతలుంటాయి. రెండు పాళ్ళు రంగు, ఒక పాలు దాన్ని గట్టిపరిచే మందు, గడియారం చూసుకుని మూడు నిమిషాలు తిప్పుతాను. తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ తేడా రాలేదు. అయినా ఆ రోజు నుంచి బియ్యంలో నీళ్ళు పోయాలన్నా మూడుసార్లు కొలుస్తున్నాను. తాళం వేసి నాలుగడుగులు వేశాక వెనక్కి వెళ్ళి లాగి చూస్తున్నాను. నా చేతులు నావి కానట్టు వాటిని కనిపెట్టుకుని ఉంటున్నాను. నిన్న ఆ కాగితం అతికించేటప్పుడు కూడా టేపుని ఎన్నిసార్లు తడిమానో లెక్కలేదు.

ఇవాళ గ్యారేజీ తలుపు తీయగానే సామాను దించకుండా నేరుగా కాగితం దగ్గరికి వెళ్ళి, ఒక చివర పట్టి ఎత్తాను. అడుగున ఆవగింజలు చల్లినట్టు నీటి చుక్కలు. ఆ మేర సిమెంటు నల్లబడి ఉంది. "చూడండి" అన్నాను. మా ఆయన చూశారు. ఆయన చూడటం నేను చూశాను. తర్వాత ఆయన వంగి, జేబులోంచి చేతిరుమాలు తీసి, కాగితాన్నీ నేలనీ తుడిచేశారు.

"ఏముంది? పొడిగానే ఉంది. రాత్రి మంచుకి పట్టుంటుంది."

"మంచు కాగితం పైన పడుతుంది గానీ అడుగున పడుతుందా?"

"ఎల్లుండి వాళ్ళ కొత్త కారొస్తోంది. ఇవాళ పూత పడాలి. నువ్వు కలుపు, మాట్లాడ్డం నేను చూసుకుంటా."

కలపడానికే కూర్చున్నాను. ఈ మందుతో ఒక చిక్కుంది. రెండు డబ్బాలూ విడివిడిగా ఉన్నంతకాలం ఏం కాదు. కలిపామా, అరగంటే. బకెట్టు వేడెక్కిపోతుంది, ఇక పరిచి తీరాలి, తర్వాత మనసు మార్చుకున్నా లాభం లేదు. రంగు గీత దాకా పోశాను. రెండో డబ్బా మూత మీద చెయ్యి పెట్టి ఆగిపోయాను. నేను చూసిన చుక్కలు నిజమేనా అని కూడా ఒక క్షణం అనిపించింది.

ఇంతలో ఇంటావిడ మాకు టీ తెచ్చారు. "ఇవాళ్టితో అయిపోతుందాండీ?" అని ఈయన్ని అడిగారు.

"అయిపోతుంది మేడమ్. పదేళ్ళు తిరిగి చూడక్కర్లేదు. తేడా అంటూ వస్తే కలిపే చేతిలో రావాలి" అని నావైపు చూసి నవ్వారు. "ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది లెండి."

అంటే డాక్టరుగారి దగ్గర అన్నది నోరు జారిన మాట కాదు. ఈ పూత లేస్తుందని ఆయనకి తెలుసు. లేచిన రోజున ఎవరి నెత్తిన రుద్దాలో ఇప్పుడే చూసి పెట్టుకున్నారు. డాక్టరుగారి గ్యారేజీలో ఏం జరిగిందో కూడా ఆయనకి అప్పుడే తెలుసు. నా చేతుల్లో తప్పు లేదని నాకన్నా ముందు తెలిసిన మనిషి, మూడు నెలలుగా నేను బియ్యానికి నీళ్ళు కొలుచుకుంటుంటే చూస్తూ ఊరుకున్నారు. అప్పుడు మండింది నాకు ఒళ్ళు. అరికాలి మంట నెత్తికెక్కింది.

నిన్న నేను అతికించింది ఒక కాగితం కాదు, రెండు. రెండోది లోపలి గోడ వార, అలమార చాటున అతికించాను. ఆయనకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నిన్న నాకే తెలీదు.

"మేడమ్, ఒకసారి ఇలా రండి" అన్నాను. ఆవిడ చూస్తుండగా టేపు లాగాను. కాగితం అడుగునుంచి నీళ్ళు నా మణికట్టు మీదికి కారాయి. ఆవిడ వంగి నేల మీద అరచెయ్యి పెట్టి చూసుకున్నారు. "ఇదేంటి, ఇంత తడి?"

"మేడమ్, తనకి తెలీదండీ..." అని ఈయన అందుకోబోయారు.

"తెలుసు" అన్నాను. "నేలలో చెమ్మండీ. ఇవాళ వేస్తే లేచిపోతుంది."

"మరి ఎప్పుడు వేయొచ్చు?" ఆవిడ ఆ మాట నన్నడిగారు.

"గోడకవతల మొక్కల నీళ్ళు ఇక్కడే నిలుస్తున్నాయండీ. ముందు వాటికి దారి చెయ్యాలి. ఆరాక మళ్ళీ కాగితం వేసి చూసి చెప్తాను."

"అలాగేనమ్మా. కారు నాలుగు రోజులు బయటుంటే ఏం పోయింది?" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. అంతే. ఆకాశమేమీ విరిగి పడలేదు.

బండి ఎక్కాక మా ఆయన తలుపు ధడాలున వేశారు. "పరాయి మనిషి ముందు నా పరువు తీశావు. ఇంటికి పద, అమ్మ ముందు తేల్చుకుందాం."

"ముందు డాక్టరుగారింటికి పోనివ్వండి."

"అక్కడ నీకేం పని?"

"ఆ పూత ఎందుకు లేచిందో ఆయనకి చెప్పాలి. మీరు చెప్తారా, నేను చెప్పనా?"

ఆయన తాళం తిప్పలేదు. నేను దిగి నడిచాను. ఎంతో దూరం లేదు, మూడు వీధులు. రెండో మలుపు దాటాక బండి నా పక్కనే మెల్లగా రావడం మొదలుపెట్టింది. డాక్టరుగారి ఇంటి ముందు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి, గొంతు తగ్గించి అన్నారు: "ఎక్కు, వెళ్ళిపోదాం. తప్పయింది, ఇంకెప్పుడూ నిన్నలా అనను. సరేనా?"

"మీరు నాతో అనలేదు, ఆయనతో అన్నారు" అని గేటు గడియ తీశాను.