సంపెంగ వీధి మూల ప్లాటు

మా కాలనీకి గుడి ఉంది, మసీదు ఉంది, వైన్‌షాపు కూడా ఉంది. కూరగాయల బండి మాత్రం రాదు. జగ్గయ్యపేట బజారు నుంచి ఇంతదూరం తోసుకొస్తే ఆకులు దారిలోనే వాడిపోతాయట. వీధి చివర కొట్లో చూద్దామంటే చిప్స్ ప్యాకెట్లు తోరణాల్లా వేలాడుతుంటాయి. పురిటికొచ్చిన నా కూతురు గీతాంజలికి ఒంట్లో రక్తం లేదు, రోజూ ఆకుకూర పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. చెప్పడానికేం, నోరేగా! రోజూ ఆటో ఎక్కితే ఆకు కంటే ఆటోయే ఖరీదు.

"పద రాఘవమ్మక్కా, నే చూపిస్తా" అంది పక్కింటి మీరాబీ.

కాలనీ వెనక పొలాల్లో ప్లాట్లు వేశారు. తెల్లారగట్ల మంచులో సిమెంటు రోడ్లు, దీపాల స్తంభాలు, మల్లె వీధి, సంపెంగ వీధి అని బోర్డులు. ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు. హద్దురాళ్ళ మధ్య ఎవరూ చల్లని చిలకతోటకూర, చెంచలికూర తడితడిగా లేచి ఉన్నాయి. హైవే మీద లారీల మోత అక్కడికి చేరేసరికి ఎవరో నిద్రలో మూలిగినట్టు వినిపించేది. ఆ వీధుల్లో నడుస్తుంటే కాళ్ళు నేలకు ఆనుతున్నాయో లేదో తెలిసేది కాదు. కొంగు నిండా కోసుకొచ్చి పప్పులో వేస్తే గీత రెండు ముద్దలు ఎక్కువ తినేది. కొన్నాళ్ళకు దాని కనురెప్పల లోపల కాస్త ఎరుపు కనిపించింది.

అంతలో ఒకరోజు వాచ్‌మన్ డేవిడ్‌రాజు వీపున డబ్బా తగిలించుకుని ఎదురొచ్చాడు.

"ఏంటయ్యా అది?"

"గడ్డిమందండి. కొనేవాళ్ళు చూట్టానికొస్తున్నారు, అంతా కొట్టెయ్యమన్నారు. అమ్ముడైపోయిన ప్లాట్లయితే ఓనరు చెబితేనే కొడతానండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ చేతులు పడిపోనూ! తినే ఆకు మీద మందు కొడతావా?" అని అరిచాను. పాపం, తల దించుకున్నాడు. అరుపులకు మందు ఆగదని నాకూ తెలుసు. అందుకని, "ఇదిగో, ఈ సంపెంగ వీధి మూల ప్లాటు మాదే. దీని జోలికొచ్చావో, చెప్తా నీ సంగతి" అనేశాను.

అతను నా వంక చూశాడు, కొంగులో ఆకు వంక చూశాడు. "అట్నేనండీ, ఓనరుగారూ" అన్నాడు. మీరాబీ నవ్వాపుకోలేక కింద కూలబడింది.

వారం తిరక్కుండానే చుట్టూ అంతా మాడిపోయింది. మా మూల ఒక్కటే పచ్చగా మిగిలింది. ఓనరునని చెప్పుకున్నానేమో, అది నిజంగా నాదేననిపించడం మొదలైంది. గీత కూడా మెల్లగా మా వెంట రాసాగింది. "అమ్మా, ఇది వంటిల్లు, ఇది ఉయ్యాల కట్టే గది" అని మంచులో చేత్తో గోడలు చూపించేది. లేని గుమ్మం దాటుతూ మీరాబీ తల వంచేది. పిచ్చి అనుకోండి, నాకు మాత్రం ఎంత హాయిగా ఉండేదో.

గీతకు ఎనిమిదో నెల పడింది. ఒక పొద్దున మంచులోంచి కారొచ్చి మా ప్లాటు ముందాగింది. అందులోంచి ఒక పెద్దావిడ దిగింది. వెనకే డేవిడ్‌రాజు.

"నందిగామ నుంచొచ్చారండి. ఈ ప్లాటు అమ్మగారిదే" అన్నాడు, నా మొహం చూడలేక.

కాలనీ అంతా జడిసే నా నోరు పడిపోయింది. ఈవిడ ఊఁ అంటే చాలు, ఈ మూల కూడా మాడిపోతుంది. నా పిల్ల మళ్ళీ పాలిపోతుంది. "రక్తం లేదన్నారండీ... ఆకు కోసమని..." అని నసిగాను. భయంతో, సిగ్గుతో చచ్చిపోతున్నాను.

గీత మాత్రం ఇంకా తన వంటింట్లోనే ఉంది. కూరాకు పట్టుకుని లేచి, చుట్టం వచ్చినట్టే, "రండి, లోపలికి రండి" అంది.

ఆవిడ దాని కడుపు వంక చాలాసేపు చూసింది.

"కాన్పయ్యాక కూడా బాలింతకి ఆకు కావాలి డేవిడ్‌రాజూ. నే చెప్పేదాకా ఇక్కడ మందు కొట్టకు" అంది.

తర్వాత చెప్పులు హద్దురాయి బయటే విడిచి, లోపలికొచ్చింది.